జుబైల్ గెలవకూడని శనివారం

మా కెజియా ఆడిన ఒక్క మ్యాచ్ కూడా నేను చూడలేదు. అయినా సౌదీలో ఆడపిల్లల కాలేజీ ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసినంత ఇంకో తెలుగువాడికి తెలియదని గుండెల మీద చెయ్యేసుకుని చెప్పగలను. ఆ పని పెట్టుకున్న తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి కాదనేవాడూ లేడు.

చూడకపోవడం నా బద్ధకం వల్ల కాదు. తాయిఫ్‌లో మా అమ్మాయి ఫిజియోథెరపీ చదివేది ఆడపిల్లల కాలేజీలో. మైదానం చుట్టూ ఎత్తయిన గోడ. మ్యాచ్ ఉన్న రోజు తల్లులూ అక్కచెల్లెళ్ళూ ఫోన్లు గేటు దగ్గర అప్పగించి లోపలికి వెళతారు. తండ్రులూ డ్రైవర్లూ బయట నీడ వెతుక్కుని కార్లలో కూర్చుంటారు. మా ఆవిడ సుందరి లోపలికి వెళ్ళొచ్చు. కానీ ఆవిడ ఆసుపత్రిలో ఎముకల వార్డు నర్సు. ఏం జాతకమో గానీ మ్యాచ్ ఎప్పుడుంటే డ్యూటీ అప్పుడే పడుతుంది. ఒకసారి ఎవరినో బతిమాలి డ్యూటీ మార్చుకుంటే ఇసుకగాలి లేచి మ్యాచే వాయిదా పడింది. నాకు తీరికుంది, ప్రవేశం లేదు. ఆవిడకి ప్రవేశముంది, తీరిక లేదు. ఇలాగే మూడేళ్ళు గడిచి పిల్ల ఆఖరి సంవత్సరంలోకి వచ్చేసింది. చదువైపోతే ఉద్యోగం. గోల్‌కీపింగ్‌కి జీతమిచ్చే ఆసుపత్రి నేనైతే ఎక్కడా వినలేదు.

అందుకని నేను మ్యాచ్ వినేవాణ్ణి. నాకు తోడు కాలేజీ బస్సు డ్రైవరు దిలావర్, కడప జిల్లా రాయచోటి మనిషి. మా మండలం ఫైనల్ జెద్దా జట్టుతో జరిగిన రోజు కూడా ఇద్దరం బస్సు మెట్ల మీద కూర్చుని గోడవైపు చెవులు పెట్టాం. ఆట సమానమై పెనాల్టీలకి వెళ్ళిందని ఈలలను బట్టి అర్థమైంది.

“ఇటుపక్క అరిస్తే మనోళ్ళు ఏసినట్టు సార్, అటుపక్క అరిస్తే వాళ్ళు ఏసినట్టు,” అన్నాడు దిలావర్.

ఇటు అరిచారు, అటు అరిచారు. చివరి అరుపు అటుపక్క నుంచి వచ్చి చాలాసేపు ఆగలేదు.

“పాయె సార్,” అన్నాడు దిలావర్, తనే ఓడిపోయినంత దిగులుగా.

కాసేపటికి కెజియా బయటికొచ్చింది. చేతి గ్లవుజులు భుజం మీద వేసుకుని, కారెక్కి తలుపు గట్టిగా వేసింది. “ఇంక కమిటీ సీటు ఒక్కటే దిక్కు డాడీ. చెప్పండి, వస్తుందా రాదా?” అంది.

ఈ కమిటీ సీటు సంగతి చెప్పాలి. డిసెంబరులో దమ్మామ్‌లో జరిగే కాలేజీల కప్పుకి ఎనిమిది జట్లు వెళతాయి. దేశాన్ని ఐదు మండలాలు చేశారు, మండలం గెలిచిన జట్టు నేరుగా వెళుతుంది. మిగిలిన మూడు సీట్లూ ఒక కమిటీ కూర్చుని పంచుతుంది. మండలం గెలవకపోయినా సీజనంతా బాగా ఆడిన జట్లకన్నమాట. మన ఇంజనీరింగ్ కాలేజీల భాషలో ఐదు కన్వీనర్ కోటా, మూడు మేనేజ్‌మెంట్ కోటా. కాకపోతే ఇక్కడ డొనేషన్ లేదు. ఎన్ని గెలిచారన్నదొక్కటే కాదు, ఎవరి మీద గెలిచారో కూడా చూస్తారు.

దమ్మామ్‌లో పెద్ద స్టేడియం. కుటుంబాలతో సహా అందరికీ ప్రవేశం. నేనూ సుందరీ మా పిల్ల ఆట చూడాలంటే అదొక్కటే దారి, అదీ ఈ ఏడాదే.

సుందరి అప్పటికే ఒక సాహసం చేసింది. ఆసుపత్రిలో సెలవులు నెల ముందే ఖాయం చేస్తారు. క్రిస్మస్ సెలవు వదులుకుని, బదులుగా దమ్మామ్ ఆటల రోజులు రాయించుకుంది. మూడేళ్ళుగా చూస్తున్న క్రిస్మస్ సెలవు ఈ ఏడే దొరికింది, దాన్ని తీసుకెళ్ళి ఇంకా రాని సీటు మీద పెట్టింది. “ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమా?” అని నేను నవ్వితే, “మీరు జోస్యం చెబుతారు కదండీ, వస్తుందని చెప్పండి చాలు,” అంది.

జోస్యం నా ఉద్యోగంలో భాగమే. నేను పళ్ళ కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తాను. ఈ వారం దానిమ్మ ఎంత వస్తుంది, ద్రాక్ష ఏ ధర పలుకుతుంది అని మా ముదీర్, అదే మా మేనేజరు, నన్నే అడుగుతాడు. నా అంచనా తప్పితే నన్ను తిట్టి, మళ్ళీ వారం మళ్ళీ నన్నే అడుగుతాడు. అదే పద్ధతిలో ఆడపిల్లల జట్లన్నింటికీ ఒక లెక్క కట్టాను. ఏ గెలుపుకి ఎంత విలువో పక్కనే వేశాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర తల్లీకూతుళ్ళకి లెక్క విప్పి చెప్పాను. మూడు సీట్లలో ఒకటి రియాద్ మండలంలో రెండో స్థానంలో నిలిచిన జట్టుది, అందులో ఎవరికీ అనుమానం లేదు. మిగతా రెండింటికీ వరసలో ముందున్నది నజ్రాన్, దాని వెనక మేము. నజ్రాన్ అమ్మాయిలు సీజన్ మొదట్లోనే జెద్దాని ఓడించారు. మాకు అంత పెద్ద గెలుపు లేదు. అయినా రెండు సీట్లకి రెండు జట్లు, గొడవ లేదు.

“మరింకేం, వచ్చేసినట్టే!” అంది సుందరి.

అక్కడితో నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు. లెక్క తెలిసినవాడికి సగం చెప్పి ఊరుకోవడం చేతకాదు.

“ఒక్క మెలిక ఉంది,” అన్నాను. “ఖఫ్జీ జట్టు ఈ ఏడాది ఒక్క మ్యాచ్ ఓడలేదు. శనివారం తూర్పు మండలం ఫైనల్లో జుబైల్‌తో ఆడుతుంది. ఖఫ్జీ గెలిస్తే నేరుగా కప్పుకి వెళ్ళిపోతుంది, మనకి ఇబ్బంది లేదు. ఖర్మ కాలి ఓడిందనుకో, అంత మంచి జట్టుని కమిటీ వదలదు. మూడు సీట్లలో ఒకటి దానికిస్తుంది. అప్పుడు వరస చివరున్న మనం బయటికి.”

“అంటే శనివారం జుబైల్ గెలవకూడదు,” అంది కెజియా నెమ్మదిగా.

“గెలవకూడదు.”

సుందరి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, జుబైల్ జట్టులో ఆడేది ఎవరో.

షైనీ, సుందరి ఒకే విమానంలో ఈ దేశం వచ్చారు. తాయిఫ్ నర్సుల హాస్టల్లో ఒకే గదిలో ఉన్నారు. పెళ్ళిళ్ళయ్యాక కూడా పక్కపక్క ఇళ్ళే. షైనీ కూతురు ప్రిస్కిల్ల మా కెజియా కంటే రెండేళ్ళు చిన్నది. మా ఇంటి వెనక సందులో మా పిల్ల గోల్‌లో నిలబడితే బంతి తన్నింది ఆ పిల్లే. షైనీ భర్తకి జుబైల్‌లో ఉద్యోగం రావడంతో వాళ్ళు అటు వెళ్ళిపోయారు. ప్రిస్కిల్ల ఇప్పుడు జుబైల్ కాలేజీ జట్టులో ముందువరస ఆటగత్తె.

“ఓడిపోతే పోతుంది, చిన్నపిల్ల, ఇంకా రెండేళ్ళుంది దానికి,” అన్నాను నేను సర్దుబాటుగా.

“మీరు అన్నం తినండి,” అంది సుందరి.

శుక్రవారం సాయంత్రం ప్రార్థన ఉంటుంది. మా గోదావరి జిల్లాల నర్సులు ఏ ఊళ్ళో ఉన్నా ఆ వేళకి ఫోన్ కాల్‌లో కలుస్తారు. వారానికొకరి వంతు. వంతు ఉన్నావిడ అందరి మనవులూ విని, ఒక్కొక్కరి పేరూ ఎత్తి పైకి ప్రార్థన చెయ్యాలి. మిగతావాళ్ళు ఆమేన్ అంటారు. నర్సులు వేసుకున్న వంతులు కదా, డ్యూటీ చార్టుకన్నా గట్టిగా ఉంటాయి. ఆ శుక్రవారం సుందరి వంతు. పొద్దున్నించీ ఇద్దరు ముగ్గురిని మార్చుకోమని అడిగింది. ఒకావిడకి డ్యూటీ, ఒకావిడకి గొంతు పోయింది, ఇంకొకావిడ “నీ నోటితో చేస్తేనే బాగుంటుందక్కా” అంది. 

కాల్ మొదలైంది. మనవులు ఒక్కొక్కటే వచ్చాయి. మార్తమ్మ గారి మోకాలి ఆపరేషన్, ఎవరిదో ఇకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, రెన్యూవల్, ఖమీస్ ఊళ్ళో ఒకమ్మాయి లైసెన్సు పరీక్ష. ఆఖర్న షైనీ గొంతు హుషారుగా వినిపించింది.

“రేపు మా ప్రిస్సీకి ఫైనలక్కా. పిల్ల రెండ్రోజుల్నించి అన్నం తినట్లేదు. ఖఫ్జీ వాళ్ళు కొండల్లా ఉంటారంట. మా పిల్లలు గెలవాలని అందరూ గట్టిగా ప్రార్థన చెయ్యండి. సుందరక్క చేస్తే నాకు ధైర్యం.”

నేను పక్క సోఫాలో టీ తాగుతున్నాను. కప్పు కింద పెట్టేశాను.

సుందరి కళ్ళు మూసుకుంది. “ప్రేమగల పరలోకపు తండ్రీ,” అని మొదలుపెట్టింది. మార్తమ్మ గారి మోకాలిని దేవుడి చేతుల్లో పెట్టింది. ఇకామా గురించి సంతకం పెట్టే యజమాని, ఆ కఫీల్ మనసు మెత్తబరచమంది. లైసెన్సు పరీక్ష రాసే అమ్మాయికి జ్ఞాపకశక్తి ఇమ్మంది. అన్నింటికీ ఆమేన్లు వచ్చాయి. “తండ్రీ, రేపు మా షైనీ కూతురు ప్రిస్కిల్ల...” అని ఆగిపోయింది.

“హలో? సుందరక్కా? నెట్ పోయినట్టుందే,” అన్నారెవరో.

నేను దొరికింది సందని ఫోన్ మ్యూట్ చేద్దామని చెయ్యి చాచాను. సుందరి కళ్ళు తెరవకుండానే నా చేతి మీద ఒక్కటేసింది.

“నెట్ పోలేదు,” అంది. “షైనీ, ఈ ప్రార్థన నేను చెయ్యలేను. రేపు మీ పిల్లలు గెలిస్తే ఖఫ్జీ వాళ్ళు వచ్చి మా కెజియా వాళ్ళ సీటు తీసుకుంటారంట. మా ఆయన లెక్క కట్టి చెప్పారు. దీనికిదే ఆఖరి ఏడు. నేను దాని ఆట ఒక్కసారి కూడా చూళ్ళేదు. కడుపులో లేనిది కౌగిలించుకుంటే వస్తుందా? నోటితో ఒకటంటూ లోపల ఇంకోటి కోరుకోలేను.”

“అయితే మా పిల్ల ఓడిపోవాలనా అక్కా?” అంది షైనీ.

ఏదో ఒక సర్దుబాటు మాట చెప్పు తల్లీ అని నేను చేతులతో సైగలు చేస్తున్నాను. సుందరి నా వైపు చూడనైనా చూడలేదు.

“అవును,” అంది. “దేవుడికి ఎలాగూ తెలుసు. నీకు తెలియకుండా ఎందుకు?”

పాతికేళ్ళ స్నేహం నా లెక్క మూలంగా ముక్కలయింది. నాకు నిజంగా సిగ్గేసింది. ఇంత జరుగుతుంటే వెనక గదిలోంచి కెజియా వచ్చి తల్లి చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

“షైనీ ఆంటీ, నేను కెజియాని. నేను చేస్తాను,” అంది. ఎవరూ వద్దనే లోపే మొదలుపెట్టేసింది. “తండ్రీ, ప్రిస్సీకి పెనాల్టీ అంటే భయం. ఆ భయం తీసెయ్యి. దాని ఎడమకాలు కాపాడు. రేపు అది అన్నం తినేలా చెయ్యి. వాళ్ళు బాగా ఆడితే వాళ్ళనే గెలిపించు. యేసు నామమున అడుగుతున్నాం, ఆమేన్.”

ఒకటొకటిగా ఆమేన్లు వచ్చాయి. షైనీ ఆమేన్ అందో లేదో నాకు వినపడలేదు. అప్పటికే ఆవిడ కాల్‌లో లేదు.

“నీ సీటు పోవాలని నీ నోటితో నువ్వే అడుగుతావే పిచ్చిదానా!” అంది సుందరి. కోపమో ఏడుపో తేలని గొంతు.

“నువ్వు అబద్ధం ఆడలేదు కదా మమ్మీ. నేనూ ఆడలేదు. ప్రిస్సీ గెలవాలని నాకు నిజంగానే ఉంది,” అని కెజియా గదిలోకి వెళ్ళిపోయింది.

శనివారం జుబైల్ గెలిచింది.

ఆట సమానమై పెనాల్టీ పడితే ప్రిస్కిల్లే వేసింది. ఆ సంగతి మాకు చెప్పింది కెజియా ఫోన్‌కి వచ్చిన వాయిస్ మెసేజ్. అందులో మాటలు లేవు, కెజీ అక్కా కెజీ అక్కా అని కేకలు తప్ప. కెజియా దాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టుకుని నవ్వుతోంది. డ్యూటీ నుంచి వచ్చిన సుందరి గుమ్మంలోనే విని, చెప్పులు విప్పి, నేరుగా వంటింట్లోకి వెళ్ళి బెండకాయలు తరగడం మొదలుపెట్టింది. ఇంట్లో అప్పటికే కూర ఉంది.

“క్రిస్మస్ పోయింది, కప్పు పోయింది, షైనీ పోయింది,” అంది బెండకాయలతో. “ఇంక నాకు మిగిలింది మీ లెక్కలే.”

నా జోస్యం నిజమైనందుకు నాకే దుఃఖంగా ఉంది. అందరం భోజనానికి కూర్చున్నాం. కెజియా మాత్రం ఆకలిగా తింటోంది.

“డాడీ, మీ లెక్కలో మేము జుబైల్‌ని ఓడించిన మ్యాచ్‌కి ఎంతేశారు?” అంది ఉన్నట్టుండి.

“ఏ మ్యాచ్?”

“రియాద్‌లో ఆడాం కదా, సీజన్ మొదట్లో. రెండు ఒకటి. ప్రిస్సీ పెనాల్టీ నేను ఆపేస్తే అది ఏడ్చింది కూడా.”

“ఓ అదా. దానికేముంటుంది? అప్పటికి జుబైల్ పట్టికలో అట్టడుగున ఉంది. తక్కువ ధరే వేశాను.”

“అప్పటికి సరే. ఇప్పుడు వాళ్ళు తూర్పు మండలం చాంపియన్లు. కమిటీ ఇప్పుడు కూర్చుంటుంది డాడీ, అప్పుడు కాదు కదా?”

కోల్డ్ స్టోరేజీలో పద్ధతేమిటంటే, సరుకు లోపలికొచ్చిన రోజు ధరే దాని ధర. రైతు దానిమ్మ తెచ్చిన రోజు మార్కెట్ ఎంతుంటే అంతే రాసుకుంటాం. తర్వాత ధర ఆకాశానికెక్కినా ఆ అంకె ముట్టుకోం. పదహారేళ్ళుగా అదే పని చేసి చేసి, ఆడపిల్లల గెలుపులకి కూడా ఆ రోజు ధరే వేసి తలుపు మూసేశాను. నజ్రాన్ జెద్దాని ఓడించిన రోజు జెద్దా పైనుంది కాబట్టి ఎక్కువ ధర. మేము జుబైల్‌ని ఓడించిన రోజు జుబైల్ కిందుంది కాబట్టి తక్కువ ధర. కమిటీవాళ్ళు పళ్ళ వ్యాపారులు కారన్న సంగతి నాకు తట్టలేదు.

ఎంగిలి చేత్తోనే లెక్క మళ్ళీ కట్టాను. జుబైల్ ధర పెంచాను. మా జట్టు ఒక్కసారిగా పైకి లేచి నజ్రాన్ పక్కన నిలబడింది. మళ్ళీ కట్టినా అక్కడే నిలబడింది. ఒక సీటు, సమానంగా రెండు జట్లు.

“ఇప్పుడు చెప్పండి, వస్తుందా రాదా?” అంది సుందరి నా భుజం మీంచి తొంగి చూస్తూ.

“తెలియదు,” అన్నాను.

సుందరి నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది. “మీ నోట ఈ మాట మన పెళ్ళయ్యాక ఇదే వినడం,” అంది. మొహంలో కాస్త రక్తం వచ్చింది. రాదని తేలిపోవడం కన్నా తెలియకపోవడం ఎంత నయమో ఆ సాయంత్రం తెలిసింది.

నాకొక అనుమానం మాత్రం పీకుతూనే ఉంది. “ఏమే, నువ్వు నిన్న ఈ లెక్క తెలిసే ప్రార్థన చేశావా?” అని కెజియాని అడిగాను.

“లేదు డాడీ. నిన్న చేసేశాక తోచింది,” అంది. “మమ్మీ ‘అవును’ అన్నాక ప్రిస్సీ మొహం గుర్తొచ్చింది. అంతే.” పెరుగు వేసుకుంటూ చెప్పింది. ఇందులో అబద్ధమేమీ కనబడలేదు నాకు.

ఆదివారం సాయంత్రం కమిటీ పేర్లు ప్రకటించింది. ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం. సూటు వేసుకున్న ఒకాయన ఐదు మండలాల చాంపియన్లకీ తీరిగ్గా అభినందనలు చెప్పాడు. జుబైల్ పేరు వచ్చినప్పుడు కెజియా చప్పట్లు కొట్టింది. సుందరి కూడా కొట్టింది, రెండుసార్లు, మెల్లగా. ఆ తర్వాత కమిటీ సీట్లు. మొదటిది ఖఫ్జీ. అనుకున్నదే. రెండోది రియాద్. అనుకున్నదే. ఆయన నీళ్ళు తాగాడు. నీళ్ళు తాగడానికి వేళాపాళా ఉండక్కర్లేదా అని నాకు ఒళ్ళు మండింది.

“అత్తాయిఫ్,” అన్నాడు.

కెజియా కేకకి పక్కింటి పాకిస్తానీలు తలుపు కొట్టారు. ఏమైందో చెప్తే వాళ్ళూ కేకేశారు. దిలావర్ ఫోన్ చేశాడు. “సార్! మనోళ్ళు ఎక్కినారు సార్! నేను చెప్పలా?” అతను ఏమీ చెప్పలేదు, అయినా చెప్పావన్నాను. ఆ నిమిషంలో ఎవరేమన్నా ఒప్పుకునేలా ఉన్నాను. నాలుగు రోజులుగా ఛాతీ మీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయింది. ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాను. నజ్రాన్‌లో ఏదో ఇంట్లో నాలాంటి తండ్రి ఒకడు టీవీ కట్టేసి, కూతురికి ఏం చెప్పాలా అని చూస్తుంటాడని కూడా అనిపించింది. మనసులోనే ఆ మనిషికి సలాం చెప్పుకున్నాను.

సుందరి మాత్రం కూర్చున్న చోటు నుంచి లేవలేదు. ఫోన్ చేతిలో పట్టుకుని షైనీ పేరు చూస్తోంది.

“చెయ్యి,” అన్నాను.

“ఏ మొహం పెట్టుకుని చెయ్యమంటారండీ? దాని కూతురు ఓడిపోవాలన్నాను. ఆఖరికి దాని కూతురి గెలుపే మనల్ని నజ్రాన్ మీదికి ఎక్కించింది.”

ఆ మాట అంటుండగానే ఫోన్ మోగింది. షైనీయే. సుందరి స్పీకర్ నొక్కి “షైనీ...” అని ఏడ్చేసింది.

“ఏడవకక్కా. ముందు నన్ను చెప్పనీ,” అంది షైనీ. “శుక్రవారం నాకు కోపమొచ్చిన మాట నిజమే. ఇంక నీతో మాట్లాడకూడదు అనుకున్నాను. నిన్న మా ప్రిస్సీ పెనాల్టీకి నిలబడినప్పుడు నా పక్కన కూర్చున్నావిడ ఎవరనుకున్నావు? ఖఫ్జీ గోల్‌కీపర్ తల్లి. ఫిలిప్పీన్స్ ఆవిడ, ఆవిడా నర్సే. మ్యాచ్ మొదట్నించీ నవ్వుతూ మాట్లాడుకున్నాం. ఆ పెనాల్టీకి నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టింది. ఏం అడుగుతుందో నాకు తెలుసు. నేనేం అడుగుతున్నానో ఆవిడకీ తెలుసు. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఒకరి పిల్ల ఓడిపోవాలని ఒకరం కోరుకున్నాం అక్కా! అప్పుడనిపించింది, మా సుందరక్క కనీసం పైకి చెప్పింది అని.”

సుందరి ఏడుస్తూనే నవ్వింది. “నా మీద కోపం పోయిందా?”

“కొంచెం ఉంది. దమ్మామ్ వచ్చాక రొయ్యల పచ్చడి పెడితే పోతుంది. మా ఇంట్లోనే దిగాలి, హోటలూ గీటలూ అన్నావంటే ఊరుకోను. అన్నయ్యగారిని లెక్కలు తాయిఫ్‌లోనే వదిలేసి రమ్మను.”

“వినిపించిందమ్మా,” అన్నాను నేను.

ఫోన్ పెట్టేశాక సుందరి చాలాసేపు సోఫాకి చేరగిలబడి పైకి చూస్తూ కూర్చుంది. “అమ్మయ్య,” అంది. ఇంకాసేపటికి మళ్ళీ, “అమ్మయ్య,” అంది. 

డిసెంబరులో దమ్మామ్ వెళ్ళాం. అక్కడికి గంట దూరంలో జుబైల్‌లో షైనీ ఇంట్లో దిగాం, పచ్చడి సీసా గుమ్మంలోనే అప్పగించాం. మా మొదటి ఆట రియాద్‌తో. స్టేడియంలో నేనూ, సుందరీ, షైనీ వరసగా కూర్చున్నాం. షైనీ తమ జట్టు ఆట మర్నాడైనా ముందు మా ఆటకి వచ్చింది. పచ్చ చొక్కా వేసుకుని గోల్ ముందు అటూ ఇటూ నడుస్తున్న పిల్లని చూపించి, “అదుగో కెజియా!” అన్నాను. అంత పెద్ద గోల్‌లో అంత చిన్నగా ఉంది. ఇన్నాళ్ళూ దాన్ని గోడవతల ఎక్కడో ఊహించుకోవడమే గానీ, ఇలా ఎండలో నిలబడి జుట్టు ముడేసుకుంటుంటే చూడటం నాకూ మొదటిసారే. కళ్ళ నిండా చూసుకున్నాను.

ఆట మొదలైన కాసేపటికే రియాద్ అమ్మాయి ఒకతె మావాళ్ళందరినీ దాటుకుని బంతితో ఒంటరిగా దూసుకొచ్చింది. కెజియా గోల్ వదిలి ఎదురు పరిగెత్తింది. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. నా పక్కన సుందరి రెండు చేతులతో మొహం మూసేసుకుంది. మూడేళ్ళు ఎదురుచూసి, క్రిస్మస్ వదులుకుని, ఇంత దూరం వచ్చి, తీరా చూడాల్సినప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది.

“ఏమైందండీ?” అంది వేళ్ళ మధ్య నుంచి.

“పట్టుకుంది.”

“నిజంగానా?”

“నిజంగానే. కింద పడి మరీ పట్టుకుంది. లేచి మావాళ్ళని అరబ్బీలో తిడుతోంది.”

“దెబ్బ తగల్లేదు కదా?”

“తగల్లేదే. నవ్వుతోంది.”

“అయితే తెరవనా కళ్ళు?”

“తెరువు,” అన్నాను. షైనీ ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించాం. సుందరి కళ్ళు తెరిచి కూతుర్ని చూసింది.